పెద్దమ్మ కన్ను అదరడం మానేశాక

శంషాబాద్‌లో ఇంకా విమానాలు దిగని రోజులు, నా చిన్నప్పటి సంగతి. మా పక్కింటి పెద్దమ్మ జాకెట్లు కుట్టేది. ఆమె ఎడమ కన్ను ఆగకుండా అదిరేది, దాంతోపాటు చెంప కూడా పైకి లాక్కుపోయేది. సూదిలో దారం ఎక్కించబోతే కన్ను మూసుకుపోయేది. నిద్రలోనూ అదిరేదట. అది జబ్బని మా వాడలో ఎవరికీ తోచలేదు. ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే శుభం కదా! భర్త పోయిన మనిషైనా సరే, పెళ్లిమాటలకూ గృహప్రవేశాలకూ ముందు ఆమెనే పిలిచి కూర్చోబెట్టేవారు. పెద్దల శాస్త్రం ఎటు కావాలంటే అటు వంగుతుందని నాకు అప్పుడు తెలియదు.

చివరికి పట్నంలో పెద్ద దవాఖానలో ఆమెకు చెవి వెనక ఆపరేషన్ చేశారు. నరాన్ని ఒత్తుతున్న రక్తనాళాన్ని పక్కకు జరిపారట. అదురు ఆగిపోయింది. కొన్ని నెలలకు మళ్లీ చూపించుకోవడానికి వెళ్తూ, చదువు రాని పెద్దమ్మ నన్ను తోడు తీసుకెళ్లింది.

అక్కడ నర్సు ఒక కాగితం ఇచ్చింది. ఆపరేషన్ తర్వాత బతుకు ఎలా ఉందో కొలిచే కాగితమట. ప్రతి ప్రశ్న పక్కన 'లేదు', 'కొంచెం', 'చాలా' అని గడులున్నాయి. చూపుకు ఇబ్బంది ఉందా? నిద్రకు ఉందా? పెద్దమ్మ లేదంది, నేను టిక్కు పెట్టాను. ఆ తర్వాత 'నలుగురిలోకి వెళ్లడానికి ఇబ్బంది ఉందా?' అని ఉంది. దాన్ని చదివి వినిపించకుండానే 'లేదు'లో పెట్టేశాను. మర్నాడు మా ఇంట్లో అక్క నిశ్చితార్థం. ఇప్పుడు కన్ను అదరడం లేదు కదా, పెద్దమ్మను పిలవొద్దని అమ్మ అనగా విన్నాను. అందుకే ఆ ప్రశ్న అడగడానికి భయమేసింది.

పెద్దమ్మకు అక్షరాలు రావు గానీ, గుడ్డ మీద గీతలు చూసి చూసి ఆరితేరిన మనిషి.

"అన్ని ఒక్క దిక్కే గీస్తున్నవేందే? నా బతుకు గింత సాఫ్‌గ ఉన్నదా? గా చివరిది ఏమడుగుతుంది, చదువు."

చదివాను.

"చాలా అని పెట్టు బిడ్డా. నాకు కాళ్లున్నయి, పిలిచెటోళ్లే లేరు."

"అయితే ఆపరేషన్ మంచిగ కాలేదా పెద్దమ్మా?"

"మంచిగనే అయింది. కంటినిండ నిద్ర పడుతుంది. మీ అక్క రేపు కట్టుకునే చీర మీది జాకెట్ నేనే కుట్టిన."

నాకు తల తిరిగిపోయింది. మంచిగా అయితే ఇబ్బంది ఎందుకు, ఇబ్బంది ఉంటే మంచిగా అయిందని ఎలా అంటుంది? పెట్టిన టిక్కు కొట్టేసి 'చాలా'లో పెట్టాను. నర్సు చూసి, ముఖం బాగైంది కదా, ఇంకేం ఇబ్బంది అని ఆశ్చర్యపోయింది. పెద్దమ్మ నవ్వి సంచి అందుకుంది.

మర్నాడు మా ఇల్లంతా జనం. గోడ అవతల ఆమె కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. వెళ్లి పిలవాలని ఎంతో అనిపించింది, అమ్మ తిడుతుందని ఆగిపోయాను. అమ్మను చెడ్డదనుకుందామంటే, ఆపరేషన్ అయ్యాక నెలరోజులు పెద్దమ్మకు అన్నం పంపింది కూడా అమ్మే. ఆ ముడి నాకు ఇప్పటికీ విడలేదు. ఎవరైనా నాతో బాగున్నామంటే సంతోషిస్తాను, కానీ వాళ్లను మా ఇంటికి పిలిచి ఎన్నాళ్లయిందో వెంటనే గుర్తు చేసుకుంటాను.