చాప పీకేసిన చోట

దెయ్యాలంటూ ఎవరైనా నా దగ్గర మొదలుపెడితే విసుక్కుని లేచిపోయే మనిషిని నేను. ఇరవై రెండేళ్ళుగా రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. నైట్ డ్యూటీ దిగి ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల సందుల్లో సైకిల్ మీద ఒక్కణ్ణే వస్తాను. కుక్కలు తప్ప ఇంతవరకు నా వెంట ఎవరూ పడలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది ఎవరినో భయపెట్టడానికి కాదు. కోపంతో రాస్తున్నాను. నెలలు గడిచినా ఆ కోపం చల్లారలేదు.

మా పేటలో వేసవిలో అమ్మవారి పండగకి మైదానంలో తెర కట్టి మూడు రాత్రులు సినిమాలు వేస్తారు. ముందుగానే ఎవరి చాప వాళ్ళు తెచ్చి పరిచి, నాలుగు మూలలా ఇటుకముక్కలు పెట్టుకుంటారు. పరిచిన చాపని ఎవరూ కదపరు. తాగి వచ్చినవాడు కూడా చుట్టూ తిరిగి పోతాడు. మా పేటలో అంత కచ్చితంగా సాగే రూలు ఇంకోటి లేదు.

మా పిన్ని మొగుడు, బాబాయ్, ఏటా ఆ తెర కట్టే మనిషి. గాలికి తాడు వదులైతే లేచి బిగించడానికి వీలుగా వాళ్ళ చాప కుడివైపు గుంజ దగ్గర, రెండో వరసలో ఉండేది. ఆయన సినిమా చూసింది తక్కువ. పది నిమిషాలకే కూర్చున్నవాడు కూర్చున్నట్టే నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. పిన్ని ఆయన్ని మోచేత్తో పొడుస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, తనొక్కతే సినిమా చూసేది. వాళ్ళకి పిల్లల్లేరు. మొన్న చలికాలంలో బాబాయ్ పోయాడు.

ఆ తర్వాత పిన్ని గడప దాటలేదు. ఏం వండినా వద్దంది, ఎవరు పిలిచినా రానంది. అలాంటిది పండగ మొదటిరోజు తనే మా ఇంటికి వచ్చింది.

"ఆ తెరగుడ్డ ఆయన సేత్తో కుట్టిందిరా. ఒక్క ఆట సూసొత్తాను" అంది.

ఆర్నెల్ల తర్వాత ఆవిడ నోటి వెంట ఒక కోరిక రావడం అదే మొదలు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

సాయంత్రం నేను కెమెరా పట్టుకుని ముందే మైదానానికి వెళ్ళాను. సెకండ్‌హ్యాండు కెమెరా, అదొక్కటే నాకున్న పిచ్చి. పొద్దు వాలుతుండగా పిన్ని వచ్చి, ఎప్పటి చోటే చాప పరిచి, ఇటుకలు పెట్టి, ఒక వారగా కూర్చుంది.

కమిటీ సెక్రటరీ అప్పారావు గారు నేరుగా ఆవిడ దగ్గరికి వచ్చారు. ఆయన మా వర్క్‌షాపులో నా మీద సూపర్‌వైజరు కూడా.

"ఏటమ్మా ఇది? మొగుడు పోయి ఏడాదైనా తిరగలేదు. పండగ పూట ముందర కూసుంటే నలుగురూ ఏటనుకుంటారు? ముత్తైదువులు నన్నడుగుతన్నారు. ఇంటికెల్లు."

"ఎనక్కెల్లి ఓ మూల కూసుంటాను బాబూ. ఎవలికీ అడ్డు రాను" అంది పిన్ని.

ఆయన వినలేదు. ఇటుకలు కాలితో తన్నేసి, చాప తనే చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. ఏళ్ళ తరబడి బాబాయ్ చేత వెట్టిచాకిరీ చేయించుకున్న కమిటీ అది! మైదానం నిండా జనం. బాబాయ్‌తో కలిసి టీ తాగినవాళ్ళు, పిన్ని చేతి పులిహోర తిన్నవాళ్ళు. ఒక్కరి నోరూ పెగల్లేదు. నేను గుంజ అవతల ఉన్నాను. నేనూ మాట్లాడలేదు. పిన్ని నన్ను చూడలేదు. చాప చంకన పెట్టుకుని మైదానం పక్కనే ఉన్న మా ఇంటికి వెళ్ళిపోయింది.

సినిమా మొదలైంది. ఆ జాగాలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. ఆడమనిషిని గెంటేయడానికి లేని జంకు ఆ చోట కూర్చోవడానికి వచ్చిందా వీళ్ళకి? ఆ ఖాళీ నేలని ఫోటో తీసి అప్పారావు మొహాన కొడదామనుకున్నాను.

ఇలాంటి చోట ఫోటో తీయాలంటే తెరకి వీపు పెట్టి నిలబడాలి. తెర మీది వెలుగు జనం మొహాల మీద పడుతుంది. చీకటి సీనులో ఏమీ రాదు, పగటి సీను వచ్చేదాకా కాచుకోవాలి. జనం మధ్య స్టాండు పెట్టడానికి చోటుండదు కాబట్టి మోచేతులు రెండూ డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. పావు సెకను పాటు చెయ్యి కదలకూడదు. కదిలిందా, బొమ్మంతా అలుక్కుపోతుంది.

ఆ రాత్రి కోపానికి నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వరసగా మూడు తీశాను. నా కంటికి కనిపించింది వట్టి నేల, చెదిరిన ఇటుకముక్కలు. అంతే.

జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. తర్వాత చూస్తే లక్ష్మి, నా భార్య. తొమ్మిదీ ఇరవై ఒకటికి చేసింది.

ఇంటికి వెళ్ళేసరికి లక్ష్మి గుమ్మంలోనే నిలబడి ఉంది. పిన్ని అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుందట. లక్ష్మి పక్కనే కూర్చుందట. ఉన్నట్టుండి పిన్ని నవ్విందట. ఏటత్తా అని అడిగితే, "మీ మావ మల్లీ గుర్రెడతన్నాడే" అందట. లక్ష్మి హడలిపోయి వెంటనే నాకు ఫోన్ చేసింది. ఇదంతా నేను ఫోటోలు చూడకముందే చెప్పింది. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

తర్వాత చూశాను. మూడు ఫోటోల్లోనూ చెయ్యి కదిలింది. సీరియల్ బల్బులు వానపాముల్లా మెలికలు తిరిగాయి, జనం మొహాలు అలుక్కుపోయాయి. మొదటి దాంట్లో ఖాళీ నేల. మూడో దాంట్లోనూ ఖాళీ నేల. రెండో దాంట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు, చాప లేకుండా, వట్టి మట్టి మీద. బాబాయ్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కన పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బాబాయ్ భుజం మీది తువ్వాలు అంచు కుట్లు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. కెమెరాలో టైము తొమ్మిదీ ఇరవై.

మా ఊళ్ళోనే ఝపటాపూర్‌లో స్టూడియో నడిపే బెంగాలీ దాదాకి మెమరీ కార్డు ఇచ్చాను. గంటసేపు కంప్యూటర్లో పెద్దది చేసి చూశాడు.

"ఏ హో నహీ సక్తా. కెమెరా హిలా హై, ఏ దోనో నహీ హిలే" అన్నాడు. కెమెరా కదిలింది గానీ ఈ ఇద్దరూ కదల్లేదట.

నిజమే కదా. కెమెరా కదిలితే బొమ్మలో ఉన్న ప్రతిదీ కదలాలి. ఇద్దరు మనుషుల్ని వదిలేసి మిగతాది ఎలా కదులుతుంది? ఆయన కార్డు తిరిగిచ్చేశాడు.

ఒక ప్రింటు తీయించి అప్పారావు ఇంటికి వెళ్ళాను. ఆయన చూసి మంచినీళ్ళు అడిగాడు. ఆ తర్వాత, "కంప్యూటర్లో సేసినావురా ఇది!" అన్నాడు. ఆ వెంటనే, "సింపేయ్ బాబూ, పండగ పేరు సెడిపోద్ది" అని బతిమాలాడు.

అప్పుడు అరిచాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఏం లాభం? అరవాల్సిన రోజున అరవలేదు.

పిన్నికి చూపించాలా వద్దా అని వారం తన్నుకులాడాను. చివరికి కెమెరాలోనే చూపించాను. ఆవిడ భయపడలేదు, ఆశ్చర్యపోనూ లేదు. కొంగుతో కెమెరా అద్దం తుడిచి, "అదుగో, నోరు తెరిసేసినాడు సూడు" అంది. కళ్ళనిండా నీళ్ళు. "ఇంకా ఉన్నాయేట్రా?" అంటూ తనే బటన్ నొక్కింది.

ఫోటోలు వెనక్కి జరిగాయి. ఖాళీ నేల, బల్బులు, ఐసు బండి, ఆ తర్వాత సాయంత్రం తీసినది వచ్చింది. అప్పారావు వంగి చాప చుడుతున్నాడు. ఎదురుగా పిన్ని చేతులు జోడించుకుని నిలబడి ఉంది. అదీ నేనే తీశాను. వెలుగు బాగుందని తీశాను. చెయ్యి కూడా వణకలేదు.

పిన్ని బటన్ మీంచి వేలు తీసేసింది.

"నువ్వక్కడే ఉన్నావు కదేట్రా?" అంది. "మరి ఒక్క మాటైనా అన్లేదేటి?"

ఆ రెండో ఫోటోలోకి వాళ్ళిద్దరూ ఎలా వచ్చారో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వింటాను. పిన్ని అడిగినదానికి మాత్రం జవాబు నాకు తెలుసు. అప్పారావు నా పైవాడు, ఆయనకి భయపడ్డాను. ఆ మాట ఆవిడకి ఇంతవరకు చెప్పలేదు.