మేడమ్ వదిలేయమన్న పేరు

పోయిన మంగళవారం పొద్దున మా మేడమ్ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అంది. అప్పుడు నేను ఆఫీసు తాళం తీస్తున్నాను. పన్నెండేళ్ళుగా మేడమ్ కంటే ముందు వెళ్ళి తాళం తీయడం నా పని. లోపలికి వెళ్ళి, ఇంక ఎవరి కోసమో తెలియకపోయినా, రోజూలాగే మేడమ్ కుర్చీ తుడిచి పెట్టాను.

మేడమ్ ట్రేడ్‌మార్క్ ఏజెంట్. రెజిమెంటల్ బజార్‌లో ఒక మందుల షాపు పైన, కిటికీ లేని గది మా ఆఫీసు. వ్యాపారుల పేర్లు రిజిస్టర్ చేయించడం, వాటిని ఇంకొకరు వాడుకోకుండా చూడడం మా పని. వెబ్‌సైట్ పేరులో చుక్క తర్వాత వచ్చే మాటను మేడమ్ 'తోక' అనేవారు. ఒకప్పుడు డాట్ కామ్ లాంటివి కొన్నే ఉండేవి. తర్వాత వందలకొద్దీ వచ్చిపడ్డాయి. కొత్త తోక ఏది వచ్చినా ముందు కొన్ని వారాలు ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్ళకే దానితో తమ పేరు కొనుక్కునే అవకాశం ఇస్తారు. ఆ గడువు దాటాక ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు.

ఆ గడువులు చూపించి భయపెట్టే ఆఫీసులు చాలా ఉన్నాయి. మేడమ్‌కి అది గిట్టేది కాదు. నేను రాసిన ఉత్తరాల్లో 'వెంటనే' అన్న మాట కనిపిస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "భయపెట్టి చేయించుకున్న సంతకం మనకొద్దు" అనేవారు. మధ్యాహ్నం తన చేపల పులుసులో ఒక ముక్క నా డబ్బాలో వేసి గానీ తినేవారు కాదు.

మోండా మార్కెట్ దగ్గర తలనూనె చేసి అమ్మే ఒక పెద్దాయన మాకు పాత క్లయింట్. నేను 'మామూ' అని పిలిచేదాన్ని. నూనెకి వాళ్ళమ్మ పేరే పెట్టుకున్నారు. మా మాట మీద అప్పటికే నాలుగు తోకలతో ఆ పేరు తీసుకున్నారు. డాట్ హెయిర్ వచ్చినప్పుడు మాత్రం కుర్చీలో కూలబడ్డారు. "మా అమ్మ పేరు నేనే ఎన్నిసార్లు కొనాలె మేడమ్? ఇది ఒడుస్తదా, లేదా?"

మేడమ్ ఆయన ముఖంలోకి చూశారు. "ఇది వదిలేయండి భాయ్. ఏం కాదు" అన్నారు.

అయింది. గడువు ముగిసిన కొన్నాళ్ళకే ఎవరో ఆ పేరు తీసుకుని, ఆయన సీసా బొమ్మే పెట్టి, కల్తీ నూనె అమ్మడం మొదలుపెట్టారు. సీతాఫల్‌మండి నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మామూ దుకాణానికి వచ్చింది. పిల్ల మాడు నిండా బొబ్బలు. "ఇది నీ నూనె గాదా? పేరు నీది గాదా?" అని నిలదీసింది. పేరు ఆయనదే. నూనె ఆయనది కాదు.

విన్న రోజే మేడమ్ నన్ను తీసుకుని ఆ దుకాణానికి నడిచారు. మామూ తల ఎత్తలేదు. "గీ గల్లా కాడ కూసుంటే జైల్ల కూసున్నట్టుంది మేడమ్. యాడికీ పోలేను, ఈడ ఉండలేను."

దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళందరికీ వినబడేలా మేడమ్ అన్నారు: "తీసుకోవద్దని చెప్పింది నేనే. తప్పు నాది." ఆ పిల్ల ఇంటికి వెళ్ళి కూడా అదే మాట చెప్పారు. అలా ఒప్పుకున్న ఏజెంటును నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ పేరు ఎత్తుకుపోయినవాళ్ళ మీద ఫిర్యాదు నా చేత రాయించలేదు, తనే రాశారు. చివరికి తీర్పు మావైపు వచ్చి ఆ పేరు మామూకి బదిలీ అయింది. "ఇగ ఖతమైనట్టేనా?" అని ఆయన అడిగితే మేడమ్ కళ్ళు దించుకున్నారు. "లేదు భాయ్. గడువు గడువుకీ రెన్యూ చేస్తూనే ఉండాలి. వదిలితే మళ్ళీ ఎవరో పట్టుకుపోతారు."

పోయిన గిరాకీ చాలావరకు తిరిగి రాలేదు. మేడమ్ కూడా మునుపటి మనిషి కాలేదు. కొత్త తోక వచ్చిన ప్రతిసారీ 'తీసుకోండి' అని టైపు చేసి చెరిపేసేవారు. 'వదిలేయండి' అని టైపు చేసి అదీ చెరిపేసేవారు. తీసుకోమంటే తానూ భయపెట్టినట్టే. వదిలేయమంటే ఆ పిల్ల మాడు కళ్ళ ముందుకొచ్చేది. "నాకు తెలియట్లేదమ్మా. ఆ మాటే రాసెయ్" అన్నారు ఒకరోజు. నేను రాయలేదు. తెలియదని మనమే రాస్తే ఎలా అని వాదించాను. ఆ వాదన ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

భూస్థాపనకి మామూ వచ్చారు. నా పక్కన నిలబడి మెల్లగా అడిగారు: "మళ్ళ కొత్త తోకలు షురూ అయితున్నయట గదా బేటీ. ఏం జేద్దాం?"

"నాకు తెలియదు మామూ" అన్నాను. "ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం."

ఆయన తల ఊపారు. పాస్టర్ గారి ప్రార్థన అయిపోయింది. అందరూ గుప్పెడు మట్టి వేసి గేటు వైపు కదిలారు. మామూ కూడా వేశారు గానీ కదల్లేదు. "జెర ఆగు" అని, మట్టి అంటిన అరచేతులు అలాగే పైకి తెరిచి, కళ్ళు మూసుకుని, పెదవుల్లోనే దువా చదువుతూ నిలబడ్డారు. చేతులు కడుక్కోమని నీళ్ళ సీసా తెచ్చిన మేడమ్ చెల్లెలు, మూత తీయకుండా ఆయన పక్కనే ఆగిపోయింది.