కండక్టరమ్మ రైట్ చెప్పేదాకా

మా వీధిలో మా నాన్నని హారన్ అంటారు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నా ఆ పేరు పోలేదు, ఆ గుణమూ పోలేదు. లిఫ్టు బటన్ వేలు నొప్పెట్టేదాకా నొక్కుతాడు. పాలు కాగేదాకా ఆగలేక మంట పెంచుతాడు, పొంగిపోయాక నామీద అరుస్తాడు. ఎవరైనా ఏదైనా చెప్పబోతే "అదంతా సరే, చివరికేమైంది" అంటాడు. అలాంటి మనిషికి దేవుడు ఎలాంటి పరీక్ష పెట్టాడో చూడండి. మా అమ్మకి మాట పడిపోయింది.

అమ్మా బస్సు మనిషే. కండక్టరు. ఒకే బస్సులో ఆయన ముందు, ఆవిడ వెనక. వాళ్ల పెళ్లికి ముందు సంగతి ఇది. ఒక ముసలాయన ఒక కాలు మెట్టుమీద, ఒక కాలు రోడ్డుమీద పెట్టి ఉండగానే నాన్న బండి కదిలించేశాడట. అమ్మ బెల్లు కొట్టి ఆపించి, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, బస్సంతా వినేలా కడిగేసిందట. "డ్రైవరు గారూ, స్టీరింగు మీది. రైట్ చెప్పడం నాది. నేను చెప్పకుండా చక్రం కదిలిందా, నేను దిగిపోతా, మీరే టికెట్లు కొట్టుకోండి."

ఒక బెల్లు కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి, బెల్లు పాడైతే "రైట్ రైట్" అని కేకెయ్యాలి. అదీ వాళ్ల పద్ధతి. ఆ రోజు నుంచి దేనికీ ఆగని మా నాన్న ఆ బెల్లుకి మాత్రం ఆగాడు. పెళ్లి కూడా అలాగే అయింది. ఈయన అడిగాడు, ఆవిడ తాపీగా ఆలోచించుకుని రైట్ అంది.

కిందటి వానాకాలంలో అమ్మకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తొందరగానే దారికొచ్చాయి గానీ మాట రాలేదు. బుర్ర ఎప్పట్లాగే పాదరసం. మాటే గొంతుదాకా వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నట్టు ఆగిపోయేది.

డిపో వాళ్లు మంచివాళ్లే. "ఇక బస్సెక్కడం కుదరదమ్మా. బస్టాండులో ఎంక్వైరీ కిటికీ దగ్గర కూర్చోబెడతాం. ఆఫీసరు ఏదైనా అడిగితే నీ అంతట నువ్వు జవాబు చెప్పగలగాలి, అంతే" అన్నారు. చెప్పలేకపోతే ఉద్యోగం అంతటితో సరి. అమ్మకి ఆ కిటికీ కావాలి. నోరు తెరిచి అడగలేదు గానీ, రోజూ పొద్దున్నే ఖాకీ చొక్కా బయటికి తీసి, ఇస్త్రీ చేసి, మళ్లీ బీరువాలో పెట్టేది. ఎందుకో మాకు తెలీదా?

మాట నేర్పే డాక్టరమ్మ ఒకటే చెప్పింది. "మాట మీరు అందించకండి. ఆవిడే వెతుక్కోవాలి. మీరు ఆగండి, చాలు." నాన్న బుద్ధిమంతుడిలా తలూపి, "అలాగేనమ్మా, ఇంతకీ ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు. ఇంటికి రాగానే అమ్మ "మ..." అందో లేదో, మంచినీళ్లా, మందులా, మంచమా, మజ్జిగా అని వరసబెట్టి అప్పజెప్పాడు. ప్రేమ లేక కాదు. ఆవిడ నోరు తడబడుతుంటే చూడలేడు, ప్రాణం విలవిల్లాడిపోతుంది. కానీ ఆయన అందిస్తున్నకొద్దీ ఆవిడ వెతుక్కోవడం తగ్గించింది. తర్వాత వేలు చూపించడం మొదలెట్టింది. వేలితో ఎంక్వైరీ కిటికీ నడవదు కదా.

నేను మా ముందుగదిలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాను. గోడకి ఒక బోర్డు, ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మంలో చెప్పుల గుట్ట. ఆఖరి కుర్చీ నాన్నది, ఫీజు కట్టని స్టూడెంటు. ఆ రోజు పాఠం టైము గురించి. స్పెండ్ టైమ్, సేవ్ టైమ్, వేస్ట్ టైమ్, కిల్ టైమ్, హ్యావ్ ఎ గుడ్ టైమ్, టేక్ యువర్ టైమ్ అని బోర్డుమీద రాసి, ఒక్కోదానికీ అర్థం చెప్పాను.

"ఖర్చు పెడతారు, దాస్తారు, దుబారా చేస్తారు, ఆఖరికి చంపేస్తారు కూడానా?" అన్నాడు నాన్న వెనక నుంచి. "ఇంగ్లీషువాళ్ల టైమేమన్నా పెరట్లో కోడా? మనకి పొద్దు దానంతటదే పోతుంది, ఎవరూ చంపక్కర్లేదు."

"నీకు పొద్దు పోకే కదా నాన్నా నా క్లాసులో కూర్చున్నావు" అన్నాను. అందరూ నవ్వారు.

"టేక్ యువర్ టైమ్, అదే, నిదానంగా కానివ్వండి అని ఎప్పుడంటాం?" అని అడిగాను. క్లాసులో ఒక నర్సు ఉంది. "మంచం దిగే పేషెంటుతో అంటాం మేడమ్" అంది. ఫోన్ల షాపాయన, "కవరు ఎంచుకునే కస్టమరుతో అంటామండీ, లోపల తిట్టుకుంటూ" అన్నాడు.

నాన్న ఊరుకుంటాడా? "ఎవరి టైము వాళ్లని తీసుకోమని ఇంకొకరు చెప్పడమేంటి? మధ్యలో ఎవడు పట్టుకుపోయాడని?"

అప్పుడే లోపలిగది గుమ్మంలోకి అమ్మ వచ్చి నిలబడింది. చేతిలో స్టీలు గ్లాసు, అందులో చెంచా. ఏదో చెప్పాలని చూస్తోంది. "బ..." అంది.

నాన్న లేచిపోయాడు. "బత్తాయిలా? బట్టలా? బయటికెళ్దామా? బడలికగా ఉందా?"

అమ్మ కళ్లలో ఎర్రగా కోపం. చెంచాతో గ్లాసుమీద ఒక్కటిచ్చింది. టంగుమంది.

నాన్న ఠక్కున ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, చెయ్యి గాల్లోనే ఉంది, కుడికాలు మాత్రం బ్రేకు తొక్కినట్టు నేలకి అదిమేశాడు. అన్నేళ్ల అలవాటు మరి. అమ్మ కళ్లు మూసుకుంది, పెదాలు కదిపింది, మళ్లీ కదిపింది.

"బ... బల్బు" అంది అమ్మ. "వంటింట్లో. పోయింది."

ఎన్ని నెలలకి విన్నాం ఆ గొంతు. నాకు చాక్‌పీసు చేతిలోంచి జారిపోయింది. నాన్న మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. "ఆవిడ టైము పట్టుకుపోయింది నేనేనన్నమాట" అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ రోజు నుంచి గ్లాసూ చెంచా అమ్మ పక్కనే. ఒకటి కొడితే నాన్న నోరు మూసుకోవాలి, రెండు కొడితే మాట్లాడొచ్చు. పాపం, రెండు కోసం ఎదురుచూస్తూ లుంగీ అంచు నలిపేసేవాడు, కానీ ఆగేవాడు. అమ్మకి ఒక్కో మాటా దొరకసాగింది. ఒకరోజు "పంచదార తక్కువైంది" అని పూర్తిగా అంది. టీ పెట్టింది నేనే అయినా నాకు తిట్టు తగల్లేదు, పండగలా అనిపించింది.

డిపోలో పరీక్ష రోజు గ్లాసూ చెంచా తీసుకెళ్లలేం కదా. ఆఫీసరు గదిలో అమ్మ ఎదురుగా కూర్చుంది, ఇస్త్రీ ఖాకీ వేసుకుని. గోడ పక్కన బల్లమీద నేనూ నాన్నా.

"ఒక ఆడమనిషి బస్సు అందక కిటికీ దగ్గరికొచ్చి ఏడుస్తోంది. ఏం చెప్తావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

అమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఫ్యాను తిరుగుతోంది, బయట ఏదో బస్సు రివర్సవుతోంది. అమ్మ చెయ్యి టేబులుమీద లేని గ్లాసు కోసం తడుముకుంది. ఆఫీసరుకి జాలేసినట్టుంది. నాన్నవైపు తిరిగి, "పర్లేదు, ఆవిడ తరఫున మీరు చెప్పండి, రాసేసుకుంటాను" అన్నాడు.

అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. మా నాన్న గొంతులో జవాబు సిద్ధంగా ఉందని నాకు తెలుసు. దాన్ని మింగేశాడు.

"నేను డ్రైవర్ని సార్" అన్నాడు. "బెల్లు కొట్టాల్సింది ఆవిడ." తర్వాత అమ్మని చూసి, నా క్లాసులో నేర్చుకున్న ఒకే ఒక్క ముక్క అన్నాడు. "టేక్ యువర్ టైమ్, కండక్టరు గారూ."

అమ్మ ఆయన్ని చూసింది. చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

"కూ... కూర్చోమ్మా" అంది. "నీళ్లు... తాగు. ఇంకో... బస్సుంది. నేను... చెప్తా."

ఆఫీసరు కాగితంమీద సంతకం పెట్టాడు. తర్వాత, "సోమవారం నుంచి పొద్దున షిఫ్టుకి రామ్మా" అన్నాడు.

బయటికొచ్చి నాన్న తన స్కూటరు స్టార్టు చేశాడు. అమ్మ వెనక ఎక్కింది. నా బండి వాళ్ల వెనకే. గేటు తెరిచే ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది, నాన్న మాత్రం కదలడు. నాకు క్లాసుకి టైమవుతోంది. గట్టిగా హారన్ కొట్టాను.

నాన్న వెనక్కి తిరిగి, "ఆగవే, ఏంటా తొందర" అన్నాడు.

"రైట్" అంది అమ్మ. రెండోది రావడానికి కాస్త పట్టింది. అది వచ్చాకే బండి కదిలింది.