అడిగే అలవాటు

మా అబ్బాయిని పెళ్లాడిన కుర్రాడు కెల్లీవిల్‌లోని మా ఇంట్లో ఏది ముట్టుకోవాలన్నా ముందు అడిగేవాడు. "లైట్ వేయనా అంకుల్?" "ఫ్రిజ్ తెరవనా ఆంటీ?"

"ఊపిరి పీల్చడానికి కూడా అడుగుతావేంట్రా!" అని మా ఆవిడ నవ్వేది.

ఐసీయూలో మా అబ్బాయి ఇక బతకడని తేలిన రోజు, వెంటిలేటర్ సంగతి మాట్లాడడానికి డాక్టరమ్మ నన్ను దాటి అతని దగ్గరికి వెళ్లింది. ఈ దేశపు చట్టం ప్రకారం నిర్ణయం భర్తదే.

అతను నా వైపు తిరిగాడు. "తీసేయమని చెప్పనా అంకుల్?"

తలూపాను. ఆనాటి నా డైరీలో వాతావరణం తప్ప ఇంకేమీ లేదు.

దహనం తర్వాత అస్థికల పాత్రనూ అతని చేతికే ఇచ్చారు. కారు వెనక సీట్లో ఆ పాత్రను ఒళ్లో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. చాలా దూరం వెళ్లాక నేనే అడిగాను.

"కాసేపు నేను పట్టుకోనా బాబూ?"