గీతాంజలి కొట్టిన మేకు

ఏలూరులోని ఆ కాంట్రాక్టరు ఆఫీసులో గీతాంజలి అంటే ఎవరికీ పడదు. ఆవిడకీ ఎవరూ పడరు. కంప్యూటర్లో పనుల ప్లాను వేసే ఇంజనీరు. ‘నా తేదీ అంటే తేదీ’ అన్న ఒక్క పేరు మీద ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

పంచాంగం రాసేవాడు కూడా గ్రహాలను తన తేదీకి రమ్మనడు. అవి వచ్చే వేళే లెక్కగట్టి రాసుకుంటాడు. ఆవిడ ప్లాను వేసే సాఫ్ట్‌వేరుదీ అదే మర్యాద. ఒక పనికి ఇంకో పనిని ముడిపెడితే, మొదటిది ఆలస్యమైతే రెండోదాని తేదీ కూడా తనంతట తాను వెనక్కి జరుగుతుంది. ఆ జరగడమే గీతాంజలికి గిట్టదు. అందులో ‘ఈ రోజే మొదలవ్వాలి’ అనే షరతొకటి ఉంది. అది పెడితే తేదీకి మేకు కొట్టినట్టే, ఇక కదలదు.

వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక పెదపాడు దగ్గర కల్వర్టు పని పట్టారు. ఎగువ నీళ్లు రాకుండా మట్టితో అడ్డుకట్ట వేశారు. ఓ రోజు సైటు ఇంజనీరు దుర్గారాజు ఫోన్ చేశాడు.

“వానలకి స్లాబు ఆలస్యమైందండీ. కింద సెంట్రింగ్ కర్రలు తీయడానికి ఇంకో నాలుగు రోజులు కావాలి.”

“కాలువనడగండి, ఇస్తుందేమో! శుక్రవారం నీళ్లొదుల్తున్నారు. గురువారం కట్ట కొట్టెయ్యాల్సిందే.”

“ఏసీలో కూచుని ఎన్నైనా చెప్తారండీ. స్లాబుకి ఏసీ లేదు.”

ఆ మాట గుచ్చుకుంది. కట్ట కొట్టే పనికి గురువారం మీద మేకు కొట్టింది. కర్రలు తీయకముందే కట్ట ఎలా కొడతారంటూ తెర మీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది. దాన్ని మూసేసి, ప్లాను వాట్సాప్‌లో పడేసింది.

నిజానికి నీళ్లొదిలేది ఆ పై శుక్రవారం. వారం ముందేసి చెబితే తప్ప సైటువాళ్లు కదలరని ఆమె నమ్మకం. ప్రతి తేదీనీ అలాగే చెప్పేది.

గురువారం పొద్దున్నే ఫొటో వచ్చింది. కట్ట మీద పొక్లెయిన్. స్లాబు కింద కర్రలు అలాగే ఉన్నాయి. కట్ట తెగితే ఎగువన నిలిచిన వాన నీళ్లు వాటిని లాక్కుపోతాయి, పచ్చి స్లాబు కూలుతుంది. ఫోన్ చేస్తే దుర్గారాజు ఎత్తలేదు. స్కూటీ వేసుకుని సైటుకి పరుగెత్తింది.

“ఆపించండి!”

“ఎందుకండీ?” అన్నాడు దుర్గారాజు. “మీ ప్లానేగా. రేపు నీళ్లొచ్చేటప్పటికి కట్ట ఉంటే రైతులు మన వీపులు చీరేస్తారు.”

పొక్లెయిన్ తొట్టి పైకి లేచింది. కూలీలంతా చూస్తున్నారు.

“రేపు రావు. వచ్చే శుక్రవారం,” అంది గీతాంజలి.

దుర్గారాజు చెయ్యెత్తాడు. తొట్టి ఆగింది. “తెలుసండీ. నిన్ననే లాకుల దగ్గర అడిగొచ్చాను. మీ నోటంట వీళ్లు కూడా వింటారని.”

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

తర్వాత తాడేపల్లిగూడెం పనికి ఆమె మొదటిసారి అసలు తేదీ పెట్టింది. దుర్గారాజు మనుషులు దానికి వారం కలుపుకుని, తీరిగ్గా మొదలెట్టారు.