మేనేజరు గారి చేత నీళ్ళు తాగించిన వైనం

శత్రువు చేత మూడు చెరువుల నీళ్ళు తాగిస్తానని బయలుదేరి, చల్లటి కుండనీళ్ళు తాగించి దాహం తీర్చిన మొనగాణ్ణి నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నన్నడగడం దేనికి?

తొంభైల చివరి మాట. భూగర్భజలాల ఆఫీసులో కొత్తగా చేరాను. పెద్దాపురం దాటి మెట్టలోకి వెళ్తే మూసేసిన గ్రాఫైటు గని ఒకటుండేది. కంపెనీ వాళ్ళు తవ్వినన్నాళ్ళు తవ్వి, మోటార్లు పీక్కుని పోయారు. గోతిలో ఊరిన నీళ్ళు ఊరి బావుల్లోకి దిగాయి. తోడిన కాసేపటికే తుప్పురంగు, దానికితోడు కంపు. పైవాళ్ళు గట్టిగా అడిగాక కంపెనీ రోజూ ఒక ట్యాంకరు మంచినీళ్ళు పంపేది. నెలనెలా వెళ్ళి గని చుట్టూ ఉన్న గొట్టపు బావుల్లో టేపు దించి నీటిమట్టం కొలవడం, సీసాల్లో నీళ్ళు పట్టి పరీక్షకి పంపడం నా ఉద్యోగం.

అంతలో కంపెనీ మేనేజరు "బావులు బాగుపడ్డాయి, ఇంక ట్యాంకరు ఆపేస్తాం" అని అర్జీ పెట్టాడు. బాగుపడ్డాయట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కందకున్న దురద చాలదన్నట్టు కత్తిపీటకీ అంటుకుంది.

ఆర్డీఓ గారు ఊళ్ళోకే వచ్చి విచారించే రోజు పొద్దున్నే వెళ్ళి, ఆ ఊరి పెద్దావిడ వెంకాయమ్మ గారి పెరటి బావి నీళ్ళు రెండు తెల్ల ప్లాస్టిక్ సీసాల నిండా పట్టాను. ఒకటి పరీక్షకి, ఇంకొకటి మేనేజరుకి. మూతలకి సీలు వేయమని ఆఫీసులో నూరిపోసి పంపారు. ఆ సీలు నా సంచీలో భద్రంగా ఉంది. మధ్యాహ్నం వెంకాయమ్మ గారు ఆవపెట్టిన పనసపొట్టు కూరతో భోజనం పెట్టారు. సీసాలు అరుగు మీద పెట్టి, తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతూ అక్కడే నిద్రపోయాను. సామెతలో అది ద్రోహం, నా విషయంలో భుక్తాయాసం.

బడి వరండాలో విచారణ మొదలైంది.

"నీళ్ళు తేటగా ఉన్నాయండి. వీళ్ళే ట్యాంకరుకి అలవాటుపడిపోయారండి," అన్నాడు మేనేజరు.

"తేటగా ఉన్నాయా? అయితే తాగండి!" సీసా తీసి బల్ల మీద దఢాలున కొట్టాను.

"ఇప్పుడాండి?"

"ఇప్పుడే! ఊరందర్నీ తాగమంటున్న నోటితోనే తాగండి!"

"కాస్త నెమ్మది బాబూ," అన్నారు ఆర్డీఓ గారు.

"నెమ్మదేంటి సార్? తాగమనండి!"

మేనేజరు మొహం వాడిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక గుక్క పోసుకున్నాడు. ఒక కన్ను తెరిచాడు. ఇంకో గుక్క తాగాడు. తర్వాత సీసా ఎత్తి గటగటా చివరిదాకా తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"అమృతం అండి! వట్టివేళ్ళ వాసన కూడా వస్తోందండి. మా ఇంట్లో కూడా ఇలాంటి నీళ్ళు లేవండి!"

రెండో సీసా మూత తీసి నేనూ నోట్లో పోసుకున్నాను. నిజంగానే అమృతం. నా కోపం నోట్లోనే ఉండిపోయింది, దాన్ని ఎవరి మీద ఉమ్మాలో తెలియలేదు. ఆర్డీఓ గారు పెన్ను తీశారు. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. వాళ్ళ గొంతు నేనే ఎండగట్టినట్టయింది.

"ఆగండి బాబూ, ఆగండి!" వెనకనుంచి వెంకాయమ్మ గారు తోసుకుంటూ వచ్చారు. "అవి మా కుండలో నీళ్ళండి!"

"సీసాలోకి ఎలా వచ్చాయండీ?" అని అరిచాను.

"నేనే పోశానండి. మూత తీసి చూద్దును కదా, మా బావి నీళ్ళు! మంచినీళ్ళు అడగడానికి మొహమాటపడి బావిలో తోడుకున్నారనుకున్నానండి. ఎండనపడి పోయే మనిషి, దారిలో అవి తాగితే ఏమైపోతారండి? పారబోసి, ట్యాంకరు నీళ్ళు నింపానండి."

"నాకు చెప్పొద్దాండీ?"

"గుర్రు పెడుతున్నారు కదండీ!"

అంటే మేనేజరు గారు అమృతమని మెచ్చుకున్నది తను పంపిన ట్యాంకరు నీళ్ళనే. వరండా అంతా గొల్లుమంది. ఆర్డీఓ గారు పెన్ను కింద పెట్టి, ఆ బావి నీళ్ళు తెప్పించారు. చెంబు వచ్చేసరికే కంపు వచ్చింది.

"తీసుకోండి మేనేజరు గారూ," అన్నారు ఆర్డీఓ గారు.

"కడుపు నిండిపోయిందండి," అని మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంక పరీక్షెందుకు? ట్యాంకరు ఆపడానికి వీల్లేదు," అని ఆర్డీఓ గారు లేచారు.

అక్కడితో నేను ఊరుకోవాలా లేదా? గెలిచాం కదా! కానీ నా కోపం ఇంకా దిగలేదు. "ఊరు తాగిన నీళ్ళేంటో చూడండి!" అని ఆ చెంబెడూ నేనే ఎత్తి తాగేశాను.

అడుసు తొక్కిన వాడికి కాలు కడుక్కోవడానికైనా నీళ్ళుండాలి. ఆ సాయంత్రం నేను చెంబుతో పెరట్లోకి పరుగెత్తిన ప్రతిసారీ ఖర్చయింది వెంకాయమ్మ గారి ట్యాంకరు నీళ్ళే. పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడితే, ఆవిడ మజ్జిగ గ్లాసు అందిస్తూ అన్నారు.

"అందుకే కదండీ బాబూ, అవి పారబోసింది!"

కాబట్టి, గోదారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సీలు వేయని సీసా పక్కన ఈ జన్మలో నిద్రపోను. ఎంత కోపమొచ్చినా సరే, నేను తెచ్చిన సాక్ష్యాన్ని నేను తాగను.