గైరాన్ మీద తొమ్మిది ఇళ్లు

మా వైపు నక్ష అంటే జనం జంకే మాట. బడిలో గోడకు వేలాడేది పటం. దాన్ని చూసి పిల్లలు నదులకు నీలం రంగు వేస్తారు. నక్ష వేరు. అది తాసీల్దారు కచేరీ నుంచి వస్తుంది. దానితో పాటు గొలుసు పట్టుకున్న మనుషులు చేలో దిగుతారు, వాళ్లు వెళ్లిపోయాక గట్టు ఇటో అటో జరిగి ఉంటుంది. నేను బీదర్‌లో పుట్టి, గంజ్ బజారులో దుకాణం ఉన్న ఇంట పెరిగి, లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన దాన్ని. ఆ భయం నాకు వినికిడే కాని అనుభవం కాదు. అందుకే ఒక ఆదివారం నా చెల్లెలికి ఫోన్ చేసి, "మీ ఇల్లు నక్షలకెక్కిందే" అని సంబరంగా చెప్పాను. ఆమె ఠక్కున పెట్టేసింది. ఫోన్ కట్టయిందనుకున్నాను.

అదెలా ఎక్కిందో చెప్పాలి. మా మేడ మీద అద్దెకుండే ఆమె కాలేజీలో భూగోళం చెబుతుంది. సెలవు రోజుల్లో ఆమె, ఆమె విద్యార్థులు, ఇంకా ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో, దేశాలవాళ్లో కలిసి కంప్యూటర్ మీద ఒక నక్ష గీస్తుంటారు. ఆకాశం నుంచి తీసిన ఫొటో తెర మీద ఉంటుంది. అందులో కనిపించిన ప్రతి కప్పు చుట్టూ గీత గీయాలి, ప్రతి బాటనూ గీయాలి. జీతం లేదు. గీసింది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. వరదో భూకంపమో వచ్చినప్పుడు సాయానికి వెళ్లేవాళ్లకు ఏ మూల ఎన్ని ఇళ్లున్నాయో తెలియాలన్నది ఉద్దేశం. సర్కారు పటాల్లో లేని ఇళ్లు మన దేశంలో ఎన్ని లేవు!

నాకు కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగుంది, చేతిలో పని లేదు. ఒకరు గీసినదాన్ని మరొకరు సరిచూడాలనేది అక్కడి పద్ధతి. సరిచూసే పని నాకిచ్చారు. కప్పుతో పాటు నీడను కూడా కలిపి గీసేవాళ్లు చాలామంది ఉంటారు. వాటిని నేను తిప్పి పంపేదాన్ని. గడ్డివామును ఇల్లు అనేవాళ్లుంటారు. గడ్డివాముకు మూలలుండవు. పశువుల కొట్టాన్ని ఇల్లు అనేవాళ్లుంటారు. కొట్టం ముందు నేల నల్లగా, తొక్కి తొక్కి అణిగి ఉంటుంది. ఇంటి ముందు నేల ఊడ్చి తెల్లగా ఉంటుంది.

"టీచరమ్మా, మీరు బర్రెలకు కూడా హాజరు వేసేటట్టున్నారు" అనేది లెక్చరరమ్మ.

"బర్రెలు ఎగ్గొట్టవు. మీ పిల్లలే ఎగ్గొడతారు" అనేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం మాంజ్రా నది వెంట ఉన్న పల్లెలన్నీ గీయాలని నిర్ణయించారు. వానలకు ముందే అయిపోవాలి. సంతపూర్ అవతల ఒక ముక్కను ఎవరో దూరదేశపు మనిషి గీశాడు. సరిచూడటానికి అది నా దగ్గరికి వచ్చింది. నది ఒడ్డున పదకొండు కప్పులు గీసి, పదకొండూ ఇళ్లేనని రాశాడు. నేను చూస్తే తొమ్మిది ఇళ్లు, రెండు కొట్టాలు. తొమ్మిదింటిలో నదికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కప్పు మీద నీలం తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంది. ఆ తాటిపత్రి నేను కొనిచ్చిందే. అది నా చెల్లెలిల్లు.

ఆ నేల గైరాన్. అంటే ఊరి పశువులు మేయడానికి సర్కారు వదిలిన బంజరు, ఎవరి పేరా ఉండదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు చెల్లెలి భర్త, మా మరిది, వాటాకు ఊళ్లో ఇంటిలో ఒక అర వచ్చింది. అందులో ఉండలేక అక్కడ మట్టిగోడలు లేపి రేకులు వేసుకున్నాడు. మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లూ ఇలాంటి ఏదో కారణంతో వచ్చినవాళ్లే. కాయితం ఎవరికీ లేదు. ఖాళీ చేయమని ఎవరూ అనలేదు కూడా, ఎందుకంటే కచేరీ లెక్కలో అక్కడ గడ్డి తప్ప ఇంకేమీ లేదు.

నేను ఫోన్ చేసిన ఆ వారంలోనే చెల్లెలూ మరిదీ బస్సెక్కి బీదర్ వచ్చారు. మా మరిది నవ్వు మొహం మనిషి. కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు.

"వదినె, పైనుంచి సూస్తే నా బట్టతల గూడ కనవడ్డదా? అది గూడ గీసినవా?"

"అది గుండ్రంగుంది. ఇల్లు కాదని వదిలేసిన."

అతను నవ్వాడు. నా చెల్లెలు నవ్వలేదు. "అక్కా, తుడ్చెయ్ దాన్ని" అంది. అన్నం తినే దాకా కూడా ఆగలేదు.

ఇది సర్కారు నక్ష కాదని, వానాకాలంలో పనికొస్తుందని, వాళ్ల పేర్లు ఎక్కడా లేవని, కప్పు ఒక్కటే ఉందని చెప్పాను.

"అందరికి కనవడుతదంటివి" అన్నాడు మరిది. ఇప్పుడు అతనూ నవ్వడం లేదు. "అందరికి కనవడేది సర్కారోళ్లకు కనవడదా? ఇరవై ఏండ్ల సంది మేం ఆడ లేనట్టే బతుకుతున్నం వదినె. లేనోళ్లను ఎవడు ఎల్లగొడ్తడు?"

లెక్చరరమ్మను కిందికి పిలిచాను. ఆమె అబద్ధం చెప్పలేదు. అందరికీ తెరిచి పెట్టినదాన్ని ఒకరికి మూసిపెట్టలేమని, ఫొటోలో కప్పు ఉన్నంతకాలం తుడిచినా ఇంకొకరు వచ్చి గీస్తారని చెప్పింది. మీరు గట్టిగా కోరితే తీసేయడం గురించి మా వాళ్లతో మాట్లాడతానని కూడా అంది. అందరూ నా వైపు చూశారు.

"ఉన్న ఇంటిని లేదని నేను రాయను" అన్నాను. ఇవాళ అడిగినా అదే అంటాను. నది పక్కన ఉండేవాళ్లు ఎవరికీ తెలియకుండా ఉండటం మంచిది కాదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

"నీకు ఇల్లున్నది అక్కా. రిజిస్ట్రీ అయిన ఇల్లు" అంది నా చెల్లెలు. ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయారు. తర్వాత నేను ఫోన్ చేస్తే మరిదే ఎత్తి, బాగున్నమనీ, సోయా మొలిచిందనీ చెప్పి పెట్టేసేవాడు.

ఆగస్టులో వాన పట్టింది. పైన డ్యాం గేట్లు ఎత్తారని తెలిసింది. మాంజ్రా నిండితే ఆ ఊరి వాగు నదిలో కలవలేక వెనక్కి తంతుంది. అప్పుడు ముందు మునిగేది గైరాన్ కాదు, గైరాన్‌కూ ఊరికీ మధ్య ఉన్న పల్లం. ఊరివాళ్లు తెల్లారి లేచి చూసేసరికి ఆ తొమ్మిది ఇళ్లు నీళ్ల నడుమ ఉన్నాయి. నా చెల్లెలు అన్ని నెలల తర్వాత నాకు ఫోన్ చేసింది.

"అక్కా, గడప దాటినయ్ నీళ్లు. పొయ్యి ఆరిపోయింది. రేకుల మీదికెక్కుతున్నం."

అంతే విన్నాను.

వరద సాయం కోసం సర్కారు ఇచ్చిన నంబరుకు చేశాను. ఎత్తినతను కన్నడంలో మర్యాదగానే మాట్లాడాడు. ఊరి పేరు అడిగాడు, ఊరికి అవతల నది వైపు అని చెప్పాను. కాసేపు వెతికి, "అక్కడ ఇళ్లు లేవు కదమ్మా, గైరాన్ అని ఉంది" అన్నాడు. ఇరవై ఏళ్లు వాళ్లను కాపాడిన మాట అదే. ఉన్నాయి, తొమ్మిది ఉన్నాయి అని అరిచాను. నేను అరిచే మనిషిని కాదు. లెక్చరరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, మా నక్ష ఎక్కడ చూడాలో అతనికి చెప్పి, పడవతో వెళ్లే జట్టువాళ్ల నంబరు అడిగి తీసుకుని ఆ ముక్కను వాళ్లకు పంపింది. వాళ్లు వేరే జిల్లా నుంచి వచ్చినవాళ్లు. ఆ నేలను ఎన్నడూ చూడలేదు. వాళ్ల ఫోన్లలో అంతకు ముందే మా నక్ష ఉందట, కాని ఆ మూలకు పోవాలని ఎవరూ చెప్పలేదు.

తర్వాత జరిగింది నా చెల్లెలు చెబితే తెలిసింది. పడవ మీది మనిషి ఫోన్ చూసుకుంటూ, "తొమ్మిది ఇండ్లే గదా? ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగాడట. అది విని చుట్టుపక్కల కప్పుల మీద ఉన్నవాళ్లు ఏడ్చారట. తమవి తొమ్మిది ఇళ్లని ఎవరికో తెలిసి ఉండటం వాళ్లకు అప్పుడే తెలిసింది.

నదికి దగ్గరిది, అన్నిటికన్నా ప్రమాదంలో ఉన్నది కాబట్టి ముందు నా చెల్లెలింటికే వచ్చారు. ఆమెను దించి పడవలో కూర్చోబెట్టారు. మా మరిది కప్పు మూల కూర్చుని కదల్లేదు.

"ఇగ మేం నక్షల ఉన్నం. ఇప్పుడు ఇడ్సి పోతే సర్కారోళ్లు మళ్ల రానిస్తరా? మనిషుంటేనే ఇల్లు. మీరు పోయి ఆళ్లను తీస్కపోండ్రి. నీళ్లు తగ్గుతయ్ తియ్" అన్నాడట.

పడవ మనిషి బతిమాలాడు, తిట్టాడు. పడవ చిన్నది, నీళ్లు పెరుగుతున్నాయి. "మళ్లొస్తం కాకా, మనసు మార్చుకో" అని పక్క ఇంటికి వెళ్లారు. ఒక్కొక్క కప్పు దగ్గర ఆగి, ఒడ్డుకు చేర్చి, మళ్లీ వచ్చి, అందరినీ తీశారు. ఆఖరుకు అతని కోసం వచ్చేసరికి మట్టిగోడలు కరిగి కూలిపోయాయి. రేకులు మాత్రం ఒక చెట్టుకు తట్టుకుని ఉన్నాయి. అతను కింది ఊరి తుంగలో దొరికాడు. నేను వెళ్లి చూశాను. దాని గురించి రాయను.

ఎనిమిది ఇళ్లవాళ్లంతా బతికారు. ఇలాంటి నక్షల వల్ల ఏం లాభమని నన్నెవరైనా అడిగితే వాళ్లను చూపించవచ్చు. చంటిపిల్ల కూడా ఉంది అందులో. వరద తగ్గాక లెక్చరరమ్మ జట్టును మెచ్చుకుంటూ సందేశాలు వచ్చాయి. ఆమె వాటిని నాకు చదివి వినిపించబోయి, నా మొహం చూసి ఆపేసింది.

ఊరి బడిలో ఉంచిన ఆ ఇళ్లవాళ్ల దగ్గరికి ఒక అధికారి వచ్చాడు. చెడ్డవాడు కాదు, బురదలో నడిచే వచ్చాడు. అతని ఫోన్‌లో ఉన్నదీ మా నక్షే. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో దాని మీద గీసి ఉంది. తొమ్మిది ఇళ్లూ ఆ గీత లోపలే ఉన్నాయి. "అక్కడ మళ్లీ కట్టుకోవద్దు, మీ మంచికే చెబుతున్నాం, వేరేచోట జాగా చూస్తాం" అన్నాడు. జాగా ఇంకా చూస్తున్నారు. ఎవరూ మళ్లీ చేరకుండా గైరాన్ చుట్టూ కందకం తవ్వారు. మరిది భయపడ్డదంతా ఒక్కటొక్కటిగా అలాగే జరిగింది.

నా చెల్లెల్ని బీదర్ తీసుకువచ్చాను. ఆమె నన్ను తిట్టలేదు. ఒకరోజు కంది పప్పులో రాళ్లేరుతూ, తల ఎత్తకుండా అంది. "నక్ష లేకుంటే పడవ రాకపోవు. నక్ష ఉన్నదనే ఆయన పడవ ఎక్కకపాయె. లెక్కల పంతులమ్మవు గదా, చెయ్ ఈ లెక్క."

నేను చాట నా వైపు లాక్కుని రాళ్లేరాను.

మొన్న కరెంటు ఉన్నప్పుడు తనే మేడ మీదికి వచ్చింది. నేను లెక్చరరమ్మ కంప్యూటర్ మీద వేరే తాలూకా పని సరిచూస్తున్నాను. "మాది సూపియ్" అంది. ఆమె దాన్ని అంతవరకు ఒక్కసారీ చూడలేదు. కొత్త ఫొటో ఇంకా రాలేదు. వచ్చేదాకా పాతదాన్ని తీయకూడదు కాబట్టి ఇళ్లన్నీ అలాగే ఉన్నాయి. తెరిచి చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"గింత సక్కగ లేకుండె మా ఇల్లు. గీ మూల జర వంకరుండె." వేలు పెట్టింది. "గీడనే కూసున్నడు."

ఆ మూలను నేను దిద్దలేదు. ఆమె వేలు తీయలేదు.

"మమ్ముల దించిన ఒడ్డు ఏడికొస్తది?"

ఊరి వైపు చూపించాను. ఎంత దూరమని అడిగింది. దూరం కొలవడానికి అందులోనే వీలుంది. ఆమె వేలున్న మూల నుంచి ఒడ్డు దాకా కొలిచి చెప్పాను. రెండు వందల మీటర్ల లోపే.

"గంతేనా? మన గంజ్ గేటుకాడికన్న తక్కువ" అంది. "గంత జాగకు పడవ మళ్ల రానికె గంత సేపెందుకు పట్టిందక్కా?"

జవాబు ఆమె కళ్లముందే ఉంది. ఒడ్డుకూ వాళ్లింటికీ మధ్య ఉన్న కప్పుల మీదుగా బాణం గుర్తును మెల్లగా నడిపించాను. ఆమె దాని వెంట చూసింది. తనే ఒక్కొక్క ఇల్లే చెప్పడం మొదలుపెట్టింది.

"గిది కాలిరిగిన ముసలాయనది. ఆయనను దించనికె ఇద్దరు పట్టిండ్రు. గిది బాలెంతది. పిల్లను గంపల వెట్టి ఇచ్చింది. గిది..."

కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది, ఆ ఇళ్లున్న మేరకే.

"ఆళ్లను ఇడ్సిపెట్టి రమ్మంటనా నేను" అంది.